పులిసిన పిండిలో గోధుమ లేదు, ఇంగువ డబ్బాలో ఉంది

ప్రశ్న: మా బాబుకి 9 ఏళ్లు. రెండేళ్లుగా కడుపునొప్పి, విరేచనాలు. ఎత్తు పెరగడం లేదు, రక్తం తక్కువ. పోయిన నెల రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి సీలియాక్ (గోధుమ, బార్లీలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడని జబ్బు) అని తేల్చారు. గోధుమ, బార్లీ జీవితాంతం ముట్టకూడదన్నారు. చపాతీ, బ్రెడ్, బిస్కెట్లు ఆపేశాం. పేగులకి మంచిది, పులియబెట్టినవి పెట్టండి అని డైటీషియన్ చెప్పారు. మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. అపార్ట్‌మెంట్‌లో ఒకరు కొంబుచా (పులియబెట్టిన టీ) అంటారు, ఒకరు కెఫిర్ (గింజల్లాంటి తోడు వేసి పులియబెట్టిన పాలు) అంటారు. ఇంకొకరు పులిసిన పిండి తోడుతో చేసే సోర్‌డో బ్రెడ్‌లో గ్లూటెన్ పులిసి పోతుంది కాబట్టి పెట్టొచ్చంటారు. ప్రొద్దుటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా సద్దన్నం పెట్టమంటుంది, మా వారు వద్దంటారు. ఇక్కడి చలికి ఇడ్లీ పిండే సరిగ్గా పులవదు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, బెంగళూరు

సమాధానం: అమ్మా, మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు గానీ ఒక్కటి మాత్రం ఆగదు. సోర్‌డో బ్రెడ్ పెట్టకండి. ఎంత మంచి బేకరీ అయినా, రెండు రోజులు పులియబెట్టామని చెప్పినా, గోధుమతో చేసినదైతే బాబుకి వద్దు. పులిసేటప్పుడు బ్యాక్టీరియా గ్లూటెన్‌ను కొంత విరగ్గొట్టే మాట నిజమే. ఆ కొంత ఎంత అన్నదే చూడాలి. కిలో గోధుమపిండిలో సుమారు 80 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం ఒక వస్తువు మీద ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. నూటికి 99 వంతులు విరిగిపోయిందనుకున్నా ఇంకా 800 మిల్లీగ్రాములు మిగిలే ఉంటుంది. సోర్‌డో తిన్నాక కడుపు తేలిగ్గా ఉందని చెప్పేవాళ్లలో చాలామందికి సీలియాక్ ఉండదు. గోధుమలో ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థం ఉంటుంది, అది పడక ఉబ్బరం వచ్చేవాళ్లు వాళ్లు. పులిస్తే ఫ్రక్టాన్లు తగ్గుతాయి కాబట్టి వాళ్లకు నిజంగానే సుఖంగా ఉంటుంది. మీ బాబు సమస్య వేరు.

కొంబుచా కూడా ఈ వయసుకి అక్కర్లేదు. అందులో గ్లూటెన్ ఉండదు గానీ టీలోని కెఫీన్ ఉంటుంది, మిగిలిపోయిన చక్కెర ఉంటుంది, పులియడంలో పుట్టిన కొద్దిపాటి ఆల్కహాల్ కూడా ఉంటుంది. 9 ఏళ్ల పిల్లవాడికి ఇవన్నీ ఎందుకు? కెఫిర్‌లో తప్పేమీ లేదు. పక్కింటివాళ్లు ఆ గింజలు ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే వెతుక్కుంటూ వెళ్లాల్సిన పని లేదు. మీ ఇంట్లో పెరుగు గిన్నె ఉంది కదా.

ఇక డైటీషియన్ మాట. మంచి మాటే, కానీ దాన్ని ఉన్నంతలోనే అర్థం చేసుకోవాలి. సీలియాక్‌లో గ్లూటెన్ లోపలికి వెళ్లినప్పుడల్లా ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. పేగు లోపలి గోడ మీద తివాచీ నూలులా నిలబడి ఉండే సన్నని మొలకలు అరిగిపోతాయి. తిన్నదాంట్లోని ఇనుము, కాల్షియం ఒంటికి పట్టేది వాటి ద్వారానే. బాబుకి రక్తం తక్కువ కావడం, ఎత్తు ఆగిపోవడం అందుకే. ఆ మొలకలు మళ్లీ లేచేది గ్లూటెన్ పూర్తిగా ఆపడం వల్లే. పెరుగు వల్లనో అంబలి వల్లనో కాదు. ఏ పులిసిన పదార్థం తిన్నా, మంచి బ్యాక్టీరియా ఉండే ఏ ప్రోబయాటిక్ మాత్ర వేసుకున్నా ‘ఇప్పుడు కొంచెం చపాతీ తినొచ్చు’ అనే రోజు రాదు.

అలాగని పులిసినవి దండగ అని కాదు. 2021లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్లు ఒక అధ్యయనం ప్రచురించారు. 36 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి 10 వారాల పాటు పెరుగు, పులిసిన కూరగాయల వంటివి బాగా పెట్టారు. వాళ్ల పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో వాపుని సూచించే కొన్ని గుర్తులు తగ్గాయి. ఆశ కలిగించే ఫలితమే. కానీ వాళ్లంతా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు, సీలియాక్ ఉన్న పిల్లలు కారు. కాబట్టి దీన్ని మందులా కాకుండా భోజనంలా చూడండి. అలా చూస్తే మీకు భారం కూడా తగ్గుతుంది, ఎందుకంటే మన ఇళ్లలో పులిసేవి దాదాపు అన్నీ ముందునుంచీ గ్లూటెన్ లేనివే. బియ్యంలో లేదు, మినుముల్లో లేదు, రాగుల్లో లేదు, పాలల్లో లేదు. అది వచ్చేది పక్కదారిన. ఆ పక్కదారులు మూసుకుంటే మీ పని సగం అయినట్టే.

వాటిలో మొదటిది ఇంగువ. చాలామంది తల్లులు దీన్ని ఊహించరు. అసలు ఇంగువ చాలా ఘాటు, నేరుగా వాడలేం. అందుకని బజార్లో దొరికే పొడిలో, ముద్దలో గోందు, ఏదో ఒక పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమపిండో మైదానో. మీరు చపాతీ ఆపేసి, అదే వారం మజ్జిగలోకి, చారులోకి, పచ్చడి తాలింపులోకి ఇంగువ వేస్తూనే ఉండి ఉంటారు. ఇప్పుడే లేచి డబ్బా వెనక్కి తిప్పి చదవండి. గోధుమ ఉంటే అందులో వాడిన పదార్థాల జాబితాలోనూ, కింద అలర్జీ హెచ్చరికలోనూ రాసి ఉండాలి. బియ్యప్పిండి కలిపిన ఇంగువ, ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ముద్ర ఉన్నది, ఇప్పుడు బెంగళూరు సూపర్‌మార్కెట్లలోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతోంది. అది తెచ్చేదాకా ఇంగువ లేకుండా జీలకర్ర, వెల్లుల్లితో తాలింపు పెట్టండి.

రెండోది రవ్వ. మనవాళ్లు ఇడ్లీకి వాడే రవ్వ బియ్యపు రవ్వ, దానితో ఇబ్బంది లేదు. బెంగళూరు కొట్లో మాత్రం ఒట్టి ‘రవ్వ’ అని అడిగితే చేతికొచ్చేది బొంబాయి రవ్వ, చిరోటి రవ్వ, బన్సీ రవ్వ. మూడూ గోధుమే. ఈ ఊరికి పేరు తెచ్చిన రవ్వ ఇడ్లీ కూడా గోధుమ రవ్వతో చేసేదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బియ్యం దొరకనప్పుడు తామే దాన్ని మొదలుపెట్టామని ఇక్కడి ఎంటీఆర్ హోటల్ వాళ్లు చెప్పుకుంటారు. ఇడ్లీ అన్న పేరు చూసి స్కూల్ క్యాంటీన్‌లో బాబు దాన్ని తినేసే ప్రమాదం ఉంది. వాడికే చూపించి చెప్పండి, 9 ఏళ్లకి పిల్లలు మనకన్నా బాగా గుర్తుపెట్టుకుంటారు.

మూడోది పిండి మర. రాగులు, జొన్నలు, కొర్రలు మీరు ఎంత శుభ్రంగా ఏరి తీసుకెళ్లినా, అంతకుముందు ఆ మరలో ఆడించింది గోధుమలే అయి ఉంటుంది. రాళ్ల మధ్య మిగిలిన పిండి మీ డబ్బాలోకి వస్తుంది. ప్యాకెట్ పిండి కొన్నా ‘గోధుమ కూడా ఆడే చోట తయారైంది’ అని చిన్న అక్షరాల్లో రాసి ఉండటం మామూలే. దీనికి మన వంటింట్లోనే మంచి ఉపాయం ఉంది. నానబెట్టి రుబ్బుకోవడం. గింజలుగా కొని, పళ్లెంలో పోసి గోధుమ గింజలుంటే ఏరేసి, నాలుగైదు నీళ్లు మార్చి కడిగి, ఇంట్లో గ్రైండర్‌లో రుబ్బితే మర గడప తొక్కే పనే లేదు. పులియబెట్టే వంటలకి పిండి ఎలాగూ తడిగానే కావాలి కదా.

ఇంట్లో సామాను గురించి కూడా ఒక మాట. గోధుమపిండి జల్లించిన జల్లెడను ఎంత కడిగినా నమ్మలేం, కొత్తది కొనండి. చపాతీలు కాల్చిన ఇనుప పెనం, చెక్క గరిటె, చపాతీ పీట, కర్ర బాబు వంటకి వాడొద్దు. స్టీలు గిన్నెలు, గాజు సీసాలు బాగా తోముకుంటే చాలు. గ్రైండర్‌లో ఎప్పుడైనా హల్వాకి గోధుమలు రుబ్బి ఉంటే రాళ్లు, గిన్నె విప్పి బ్రష్‌తో తోమి వాడండి. మీ ఇద్దరికీ చపాతీ తప్పదనుకుంటే పిండి కలిపే పని పులిసే గిన్నెలకి దూరంగా, వాటి మీద మూత ఉన్నప్పుడు చేయండి. నా సలహా అయితే మొదటి ఆరు నెలలు ఇంట్లోకి గోధుమపిండే రానివ్వకండి. రాయలసీమవాళ్లకి సంగటి ఉండగా చపాతీ లేకపోతే గడవదా?

ఇక ఇడ్లీ పిండి. బ్రెడ్ పొంగేది గ్లూటెన్ వల్ల. పులిసేటప్పుడు పుట్టిన గాలిని ఆ సాగే జిగురు పట్టి ఉంచుతుంది. ఇడ్లీలో ఆ పని చేసేది మినుములు. మినప్పిండిలోని మాంసకృత్తులు, జిగురు కలిసి గాలిని బుడగలుగా నిలబెడతాయి. అందుకే మినుములు తగ్గించి బియ్యం పెంచితే ఇడ్లీ రాయి అవుతుంది. ఆ గాలిని పుట్టించేది ముఖ్యంగా ల్యూకోనోస్టాక్ జాతి బ్యాక్టీరియా. అది మినుముల మీదే సహజంగా ఉంటుంది. బయటినుంచి ఈస్ట్ కొనక్కర్లేదు.

దానికి కావలసింది 28 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం. బెంగళూరులో డిసెంబరు, జనవరి రాత్రులు 15, 16 డిగ్రీలకి పడిపోతాయి. ప్రొద్దుటూరులో మీ అమ్మగారి పిండి తెల్లారేసరికి గిన్నె దాటి పొంగితే, మారతహళ్లిలో మీది అలాగే కూర్చుని ఉండటంలో మీ చేతి తప్పేమీ లేదు. ఒక గ్లాసు మినపగుళ్లకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ తీసుకోండి. రవ్వ ప్యాకెట్ నమ్మకం కాకపోతే మూడు గ్లాసుల ఇడ్లీ బియ్యం నానబెట్టి కాస్త బరకగా రుబ్బుకోవచ్చు. మినుములతో అర చెంచా మెంతులు నానబెట్టండి. ఎండాకాలంలో చల్లటి నీళ్లతో రుబ్బుతాం, చలికాలంలో గోరువెచ్చటి నీళ్లతో రుబ్బండి. నల్లా నీళ్లలో క్లోరిన్ వాసన వస్తుంటే కాచి చల్లార్చి వాడండి. అన్నిటికన్నా పనికొచ్చేది పాత పిండి. ముందు వాయిలోది రెండు గరిటెలు ఫ్రిజ్‌లో దాచి కొత్త పిండిలో చేత్తో బాగా కలపండి, పెరుగుకి తోడు వేసినట్టే. గిన్నె సగమే నింపండి. స్విచ్ వేయని ఓవెన్‌లో లోపలి బల్బు మాత్రం వెలిగించి పెట్టండి. ఓవెన్ లేకపోతే పెద్ద హాట్‌బాక్స్‌లోనో థర్మకోల్ పెట్టెలోనో వేడినీళ్ల గ్లాసు పక్కన పెట్టి మూత వేయండి. చలికాలంలో 12 నుంచి 14 గంటలు పట్టినా కంగారు పడొద్దు. గడియారం కన్నా పిండినే చూడండి. రెట్టింపు అయి, లోపల బుడగలు కనిపించి, పుల్లటి వాసన మొదలైతే అయినట్టే. వంటసోడా వేస్తే పొంగుతుంది గానీ పులవదు. మనకి కావలసింది పులుపు, ఒట్టి పొంగు కాదు. అప్పటికప్పుడు కలిపే ఇడ్లీ పొడుల సంగతీ అంతే, పైగా వాటిలో గోధుమ రవ్వ ఉండే అవకాశం ఎక్కువ.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఇడ్లీ తింటే పేగుల్లోకి మంచి బ్యాక్టీరియా వెళ్తుందని అనుకుంటారు. వెళ్లదు. ఆవిరి మీద ఉడికేసరికి అది చచ్చిపోతుంది. దోసె పెనం మీద ఇంకా త్వరగా. అయినా పులవడం వృథా కాదు. ధాన్యాల్లో, పప్పుల్లో ఫైటిక్ ఆమ్లం అని ఒకటి ఇనుముని, జింకుని పట్టేసుకుని ఒంటికి అందనివ్వదు. పులిసేటప్పుడు అది తగ్గుతుంది. మినుముల్లో గ్యాస్ తెచ్చే చక్కెరలు తగ్గుతాయి. కొన్ని బి విటమిన్లు పెరుగుతాయి. రక్తం తక్కువగా ఉన్న పిల్లవాడికి ఇవి చిన్న లాభాలు కావు. డాక్టరు ఐరన్ రాసి ఉంటే అది మాత్రం ఆపకండి. బతికి ఉన్న బ్యాక్టీరియా కావాలంటే పులిసిన తరువాత పొయ్యి ఎక్కనివి పెట్టాలి. పెరుగు, మజ్జిగ, అంబలి, సద్దన్నం, ఉప్పునీటిలో ఊరిన కూరగాయలు. ఉదయం ఇడ్లీ, దానితోపాటు ఒక గ్లాసు మజ్జిగ అంటే రెండు పనులూ జరిగినట్టే.

సద్దన్నం దగ్గర మీ అమ్మగారిదీ నిజమే, మీ వారిదీ నిజమే. ఇద్దరి మనసులో ఉన్న గిన్నెలు వేరు. మీ వారు భయపడేది రాత్రి తినగా మిగిలి, నాలుగైదు గంటలు బయట ఉండిపోయిన అన్నం. ఆ భయం సరైనదే. బియ్యం మీద బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, అవి ఉడికినా చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. మీ అమ్మగారి మనసులో ఉన్నది తోడేసిన అన్నం. అక్కడ పెరుగులోని బ్యాక్టీరియా ముందే దిగి, పులుపు పుట్టించి, చెడ్డదానికి చోటివ్వదు.

కాబట్టి మిగిలిన అన్నంతో కాకుండా దానికోసమే వండిన అన్నంతో చేయండి. పిడికెడు బియ్యం మెత్తగా వండి, పొయ్యి దించాక వెడల్పు పళ్లెంలో పరిచి గోరువెచ్చగా కానివ్వండి. అరగంట చాలు. కాచి చల్లార్చిన పాలు పోసి మెదిపి, రెండు చెంచాల తాజా పెరుగు కలిపి మూత పెట్టండి. కప్పు అన్నానికి రెండు చెంచాలు ఎక్కువనిపిస్తుంది గానీ తోడు ధారాళంగా ఉంటేనే పులుపు త్వరగా వస్తుంది. చలిరాత్రుల్లో ఈ గిన్నెను కూడా ఇడ్లీ పిండి పక్కన వెచ్చని చోటే పెట్టండి. పొద్దునకల్లా గట్టిగా తోడుకుని ఉంటుంది. ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఒక కరివేపాకు రెబ్బ వేసి వెంటనే పెట్టేయండి. వేసవిలో ఆరేడు గంటలు చాలు, ఆ తరువాత ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. తోడుకోకుండా నీరుగా, జారుడుగా ఉన్నా, రంగు మారినా పారేయండి. వట్టి నీళ్లు పోసి నానబెట్టినది పెద్దవాళ్లు తింటే తిననివ్వండి. పేగు ఇంకా మానని పిల్లవాడికి మాత్రం తోడేసినదే పెట్టండి.

పెరుగు గురించి చెప్పడానికి పెద్దగా లేదు, మీకు తెలిసినదే. ఒక్కటి మాత్రం గమనించండి. పేగు మొలకలు అరిగినప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైము కూడా తగ్గుతుంది. అందుకే కొత్తగా సీలియాక్ తేలిన పిల్లలకి పాలు తాగితే కొన్నాళ్లు కడుపు ఉబ్బుతుంది, విరేచనాలు అవుతాయి. గోధుమ ఆపినా తగ్గలేదని తల్లులు బెంబేలెత్తేది ఇక్కడే. పెరుగులో బ్యాక్టీరియా ఆ లాక్టోజ్‌ను కొంత తినేసి ఉంటుంది కాబట్టి పాలకన్నా తేలిక. కాస్త పుల్లగా అయ్యేదాకా ఉంచితే ఇంకా తేలిక. పేగు మానేకొద్దీ పాలు కూడా పడతాయి, శాశ్వతంగా మానేయక్కర్లేదు. పాలలో కలిపే పొడులు మాత్రం చూసి కొనండి. మాల్ట్ అని రాసి ఉంటే చాలావరకు అది బార్లీ. హార్లిక్స్‌లో గోధుమ, బార్లీ రెండూ ఉంటాయి. ఒంటికి వేడి చేసిందని పెద్దవాళ్లు ఇచ్చే బార్లీ నీళ్లు కూడా ఇక బాబుకి లేనట్టే.

అంబలి మీరు తప్పకుండా అలవాటు చేయాల్సింది. రాగుల ఊళ్లోనే ఉన్నారు, కోలారు, తుమకూరు పక్కనే. 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ఇన్నాళ్లూ కాల్షియం సరిగ్గా పట్టని పిల్లవాడికి అది అవసరం. పావుకిలో రాగులు రాత్రంతా నానబెట్టి, నీళ్లు పోసి మెత్తగా రుబ్బి, పలచటి గుడ్డలో వడకట్టండి. ఆ రాగిపాలు రెండు గరిటెలు మరుగుతున్న నీళ్లలో పోసి కలుపుతూ పది నిమిషాలు ఉడికించి జావ చేయండి. మిగిలిన పాలు ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. జావ గోరువెచ్చగా అయ్యాక అర గ్లాసు పుల్లమజ్జిగ కలిపి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే నీళ్లు పోసి పలచన చేసి, ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి వేసి ఇవ్వండి. కొందరు పచ్చి రాగిపిండిని ముందు పులియబెట్టి, తరువాత ఉడికిస్తారు. రుచి దానికే ఎక్కువ, నిజం చెప్పాలంటే నాకూ అదే ఇష్టం. కానీ ఉడికాక అందులో బతికున్నది ఏమీ ఉండదు కాబట్టి చివర్లో మజ్జిగ కలుపుకోవాలి. బాబు పులుపు చూసి మొహం తిప్పుకుంటే మొదట రాగిదోసెతో మొదలుపెట్టండి. రెండు గ్లాసుల రాగులు, ఒక గ్లాసు బియ్యం, ఒక గ్లాసు మినపగుళ్లు కలిపి రుబ్బిన పిండి దోసెలకీ, గుంత పొంగనాలకీ సరిపోతుంది. పొంగనాలు స్కూల్ డబ్బాలో చల్లారినా బాగుంటాయి.

కూరగాయలు ఊరబెట్టాలనుకుంటే లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు, అదీ చెంచాలతో కాక కాటా మీద తూచి. నీళ్లు కాచి చల్లార్చి, ఉప్పు కరిగించి, గాజు సీసాలో క్యారెట్, ముల్లంగి, ఒక బీట్‌రూట్ ముక్క వేసి, ఇంట్లోనే దంచిన ఆవపిండి ఒక చెంచా కలిపి, ముక్కలు నీటి పైకి తేలకుండా చిన్న గిన్నె బరువు పెట్టండి. మూత బిగించకండి, గాలి పోవాలి. బెంగళూరులో నాలుగైదు రోజులు, ఏప్రిల్‌లో మూడు రోజులు. పైన పలచటి తెల్లని పొర కడితే తీసేయొచ్చు. నల్లగానో పచ్చగానో నూగు బూజు కనిపిస్తే ముక్కలతో సహా పారేయాలి, పైది తీసి కిందది తినడాలు వద్దు. బాబుకి రోజుకి రెండు ముక్కలు, ఒక చెంచా నీళ్లతో మొదలుపెట్టి వారం తరువాత పెంచండి. అన్నీ ఒకే వారంలో మొదలుపెడితే కడుపునొప్పి వచ్చినప్పుడు దేనివల్లో తెలియదు. మొదట పెరుగు, పది రోజులాగి అంబలి, ఆ తరువాత ఇవి.

బయట తినాల్సి వస్తే ఏం చేయాలో మీరు అడగలేదు గానీ, ఈ ఊళ్లో తప్పదు కాబట్టి చెబుతున్నాను. దర్శినిలో, అంటే ఇక్కడి నిలబడి తినే టిఫిన్ హోటల్లో, మామూలు ఇడ్లీతో పెద్ద భయం లేదు, సాంబారుతో ఉంది, ఇంగువ వల్ల. చట్నీ తాలింపులోనూ అదే ఉండొచ్చు. రవ్వ దోసె, ఉప్మా, కేసరిబాత్, ఆ రెండూ కలిపి ఇచ్చే చౌచౌబాత్ అన్నీ గోధుమ రవ్వే. మసాలా దోసె కాల్చిన పెనం మీదే రవ్వ దోసె కూడా పోస్తారు. పుల్లగా ఉందంటే మన ఇడ్లీ పిండి లాంటిదే అని అనుకోవడానికీ లేదు. జిలేబీ పిండి పులిసేది మైదాతోనే, మైసూర్ బజ్జీ కూడా మైదా, పుల్లపెరుగే. బాబు పెరుగు, పొడి కలుపుకున్న ఇడ్లీలు చిన్న డబ్బాలో పట్టుకెళ్లడం ఇప్పటికి సులువు.

చుట్టాల దగ్గర మీకు కష్టం ఎదురవుతుంది. ‘కొంచెం తింటే ఏమవుతుంది, మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా’ అంటారు. వాళ్లని తప్పు పట్టలేం, మన వైపు ఇది నిజంగానే అరుదు. 2016లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనంలో సీలియాక్ ఉత్తరాదిలో నూటికి ఒకరికన్నా కాస్త ఎక్కువమందిలో, దక్షిణాదిలో వెయ్యికి ఒకరిలో కనిపించింది. చూడని జబ్బుని నమ్మడం కష్టం. పిల్లవాడి రక్తపరీక్ష కాగితం చూపించండి, ఆరు నెలల తరువాత వచ్చే కాగితాన్ని దాని పక్కన పెట్టండి. మీకు ఇంకో బిడ్డ ఉంటే ఆ బిడ్డకీ, మీ ఇద్దరికీ కూడా పరీక్ష అవసరమా అని డాక్టరుని అడగండి, ఇది కుటుంబాల్లో నడిచే జబ్బు. పరీక్ష చేయించుకునేదాకా మీరు గోధుమ మానకండి, ఇంట్లోకి రానివ్వకపోయినా బయట తింటూ ఉండండి. ఇది చదివే మిగతావాళ్లకీ అదే మాట. ఉబ్బరంగా ఉందని ముందే గోధుమ మానేసి, నెలల తరువాత పరీక్షకి వెళితే జబ్బు ఉన్నా కాగితంలో కనిపించకపోవచ్చు.

మీ అమ్మగారు ఎప్పుడైనా మీ దగ్గరికి వచ్చే ముందు ఒక్కసారి ఫోన్ చేసి, ఈ ఏడు ఆవకాయలో, మాగాయ తాలింపులో ఏ ఇంగువ వేశారో అడగండి. డబ్బా మీద గోధుమ అని ఉంటే ఆ జాడీ పెద్దవాళ్లకి ఉంచుకుని, బాబు కోసం ఇంగువ లేకుండా చిన్న సీసా విడిగా కలిపి తెమ్మనండి. ఎక్కువ సాగదీయకుండా ‘డాక్టరు ఇంగువ కూడా వద్దన్నారమ్మా’ అంటే చాలు, మనవడి కోసం అంటే ఆమె ఇంకేమీ అడగరు.